బల్లి కాళ్ళు, అత్తమ్మ కర్ర

ఆ మధ్యాహ్నం అక్క ఫోన్‌లో నవ్వింది. అంతగా భయపెట్టిన నవ్వు నేను మళ్ళీ వినలేదు.

హాడోలో మా ఆఫీసు వెనక వరండాలో టిఫిన్ డబ్బా విప్పుకుని కూర్చున్నాను. ఉదయం నుంచీ ఎడతెరిపి లేని వాన. రేవులో ఏదో ఓడ హారన్ కొడుతోంది. అక్క దీవి లోపలి ఊరు ఫెరార్గంజ్ నుంచి చేసింది. అక్కడ బావకి సుపారీ తోట, అదే వక్కతోట, ఉంది.

“ఒసేయ్, నీ నలికిరి నన్ను కరిసేసిందే!” అంది, నవ్వుతూనే.

“ఏ నలికిరి?”

“అదేనే, మొన్న బొమ్మలు చూపించి చెప్పావు కదా, పాము కాదు, బల్లి జాతి అని. రాలిన మట్టల కుప్ప తీస్తుంటే మణికట్టు మీద పట్టింది. చిన్నదే. నొప్పి కూడా లేదు, చీమ కుట్టినట్టుంది. ఇక్కడ మా అత్తగారు ఇల్లు పీకి పందిరేస్తోంది, మంత్రగాడి దగ్గరికి పద పద అని. దానికి విషం లేదని నువ్వొకసారి ఆవిడకి చెప్పు.”

నొప్పి లేదు అన్న మాట దగ్గర నా చేతిలో ముద్ద ఆగిపోయింది. కట్లపాము కాటు చాలాసార్లు నొప్పి పెట్టదు. కరిచిందన్న సంగతే మనిషికి తెలియకపోవచ్చు. తెలిసేసరికి రెప్పలు వాలతాయి, మాట ముద్దవుతుంది, ఊపిరి తీసే కండరాలు పనిచేయడం మానేస్తాయి. ఇది నాకు తెలుసు. అక్కకి తెలియదు. ఆమెకి తెలిసినదల్లా నేను చెప్పింది.

నేను చెప్పిందేమిటో ముందు చెప్పాలి.

మా నాన్న శ్రీకాకుళం తీరం నుంచి చేపల వేటకి వచ్చి, తర్వాత రేవు పనిలో కుదురుకున్నాడు. హాడో క్వార్టర్స్‌లో ఆదివారం పొద్దున మా వరండాలో చర్చ జరిగేది. దేవుడున్నాడా, పెళ్ళికి ముహూర్తం ఎందుకు, వితంతువు బొట్టు పెట్టుకుంటే ఎవరికి నష్టం, ఇవీ విషయాలు. నాన్న పెట్టిన నియమం ఒకటే. జవాబు చెప్పేముందు అవతలి మనిషి వాదనని నీ నోటితో నువ్వు చెప్పాలి. “అవును, నేనన్నది అదే” అని అవతలి మనిషి ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే నీ వంతు పోయింది. లేచి వెళ్ళి అందరికీ టీ పెట్టాలి. పదేళ్ళ వయసులో నేను చాలా టీలు పెట్టాను. పదిహేనేళ్ళు వచ్చేసరికి పెట్టడం మానేశాను. అది నా గర్వం.

ఆ తర్వాత తాయెత్తుల మీద, దిష్టిబొమ్మల మీద, బాబాల మీద రాస్తూ, మాట్లాడుతూ వచ్చాను. ఒకరిని నొప్పిస్తానేమో అని నా మాటని మెత్తబరచలేదు. ఇప్పుడూ మెత్తబరచను. మూఢనమ్మకం చంపుతుంది అన్న మాటలో నాకు ఇవాళ కూడా సందేహం లేదు.

అక్కకి కాటు పడిన ఆ ఏడు ఎండాకాలంలో, షాదీపూర్‌లో మా ఇంటి మేడమీద గదిలో ఒక పరిశోధకురాలు దిగింది. మెయిన్‌లాండ్ అమ్మాయి. దీవుల్లోని బల్లులనీ నలికిరులనీ పట్టి, కొలిచి, పట్టిన చోటే వదిలేయడం ఆమె పని. నన్ను దీదీ అనేది. సెలవురోజుల్లో నేను ఆమె పక్కన కూర్చుని అంకెలు రాసేదాన్ని. మూతి నుంచి తోక మొదలు దాకా ఎంత, ముందుకాలు ఎంత, వెనకకాలు ఎంత, ఏ వేలు ఎంత.

ఒకరోజు మూడు గుడ్డసంచులు వరసగా పెట్టింది. మొదటిదాంట్లో చెట్లెక్కే నలికిరి. పొడుగు వేళ్ళు, బెరడుని పట్టుకునే గోళ్ళు. రెండోదాంట్లో నేలమీద పరిగెత్తేది. బలమైన కాళ్ళు, దిట్టమైన ఒళ్ళు. మూడోది ఆకుచెత్త కింద బతికేది. ఒళ్ళు సాగి పొడుగైంది. కాళ్ళు మాత్రం విరిగిన అగ్గిపుల్ల ముక్కల్లా ఉన్నాయి. దాన్ని నా అరచేతిలో పెడితే ఆ కాళ్ళని ఒంటికి అతికించుకుని, మెలికలు తిరుగుతూ వేళ్ళ సందులోంచి జారిపోబోయింది.

“మూడూ ఒకే కుటుంబం దీదీ,” అంది. “బతికే చోటు వేరు, అందుకని ఒళ్ళు వేరు.”

చెత్తలో, వదులు మట్టిలో తల దూర్చుకుంటూ పోయే ప్రాణికి కాలు అడ్డం. కాస్త పొట్టి కాళ్ళతో, కాస్త పొడుగు ఒళ్ళతో పుట్టినవి అక్కడ మెరుగ్గా బతికి పిల్లల్ని పెట్టాయి. తరాలు గడిచేకొద్దీ వెన్నుపూసలు పెరిగాయి, వేళ్ళు తగ్గాయి, కాళ్ళు కుదించుకుపోయాయి. ఇది ఎక్కడో ఒకసారి జరిగిన వింత కాదట. నలికిరి కుటుంబంలోనే వేర్వేరు శాఖల్లో, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా మళ్ళీ మళ్ళీ జరిగిందట. నికోబార్ అడవి మట్టిలో ఇంకో బల్లి ఉంది. అది నలికిరి కుటుంబమే కాదు. దానికి కాళ్ళు అసలే లేవు. మగదానికి మాత్రం వెనకవైపు రెండు చిన్న తెడ్డు ముక్కలు మిగిలాయి. ఫోటో చూపించింది. నేను ఆ తెడ్డు ముక్కల్ని ఎంతసేపు చూశానో!

ఆ ఫోటో దొరికితే నాలాంటిది ఊరుకుంటుందా? నడవని జంతువుకి కాలి తునక ఎందుకిచ్చాడయ్యా నీ సృష్టికర్త, అని అడగడానికి అంతకంటే ఏం కావాలి? పైగా మా వాళ్ళు మెరిసే నలికిరిని చూస్తే చాలు, నలికండ్ల పాము అంటూ చితక్కొడతారు. కాళ్ళున్న జీవిని కూడా పాము పేరుతో చంపేస్తారు. కాళ్ళు కనబడకపోతే ఇంక చెప్పక్కర్లేదు.

ఫెరార్గంజ్‌లో అక్క వాకిట్లో టార్పాలిన్ కట్టించి మీటింగ్ పెట్టాను. తెలుగువాళ్ళు, బెంగాలీలు, రాంచీ నుంచి కూలికి వచ్చి స్థిరపడ్డవాళ్ళు, నలభై మంది దాకా వచ్చారు. సగం హిందీలో, సగం తెలుగులో మాట్లాడాను. బల్లి నుంచి పాము ఒళ్ళు దాకా కాళ్ళు ఎలా కరిగిపోయాయో బొమ్మలు చూపించాను. చివర్లో గొంతు పెంచి అన్నాను: “మట్టిలో నున్నగా మెరిసేది కనబడితే భయపడకండి. అది మీ గోడమీది బల్లికి చుట్టం!”

మేడమీది అమ్మాయి ముందే హెచ్చరించింది. “దీదీ, అదే మట్టి పాముల్ని కూడా అదే అచ్చులో పోసింది. పాములూ బల్లుల వంశంలోంచి వచ్చినవే కదా. ఒళ్ళు చూస్తే దాని బతుకు తెలుస్తుంది. దాని కోరలో ఏముందో తెలియదు. ఆ మాట తప్పకుండా చెప్పు.” నేను చెప్పలేదు. మర్చిపోలేదు, వదిలేశాను. ఆ మాట కలిపితే నా ముగింపు పస తగ్గుతుందనిపించింది.

ఆ మీటింగ్‌లో లేచి నిలబడింది ఒక్క మనిషే. అక్క అత్తగారు. నేనూ అత్తమ్మా అనే పిలుస్తాను. ఆవిడకి ఒక అలవాటుంది. వానాకాలం మట్టల కుప్ప తీసేముందు పొడుగాటి వెదురు కర్రతో మూడుసార్లు కొడుతుంది. “తల్లీ, పక్కకి జరుగు” అంటుంది. కాసేపు ఆగుతుంది. అప్పుడే చెయ్యి పెడుతుంది.

“ఏటమ్మీ నువ్వు చెప్పేది?” అంది ఆ రోజు. “ముందది ఏటో తెలుసుకోమంటావు. నేను ముందు చెయ్యి తీస్తాను. అది ఏటో తరవాత తెలుసుకుంటాను.”

నేను నియమం ప్రకారం ఆవిడ వాదన తిరిగి చెప్పాను, నా పద్ధతిలో. “అత్తమ్మకి పామంటే భయం. భయం వేస్తే తల్లీ అని దండం పెడుతుంది. దండం పెడితే పాము వింటుందని నమ్ముతుంది. అంతేనా అత్తమ్మా? పాముకి చెవులెక్కడివి?”

అందరూ గొల్లున నవ్వారు. ఆవిడ అవుననలేదు, కాదనలేదు. కూర్చుంది. నేను ఆవిడ ఒప్పుకోలు కోసం ఆగలేదు. నాన్న ఉంటే ఆ క్షణమే నన్ను టీ పెట్టడానికి పంపేవాడు.

ఇప్పుడు ఫోన్‌లో అక్క.

“కర్రతో కొట్టి తీశావా?” అని అడిగాను.

“ఎందుకూ? ఆ మంత్రాలూ అవీ మానేశాం కదా నీ మీటింగ్ అయ్యాక. పక్కింటి దీదీ కూడా మానేసింది.”

మంత్రం మానమన్నాను. మంత్రంతో పాటు కర్ర కూడా పోయింది. టిఫిన్ డబ్బా పక్కకి నెట్టి లేచాను.

“అక్కా, వెంటనే ఆరోగ్య కేంద్రానికి బయల్దేరు.”

“ఎందుకే?”

“అది పాము అయ్యుండొచ్చు.”

“నువ్వే కదా కాదన్నావు?”

“నేను చూడలేదు కదా.”

“చూడకుండానే చెప్పావా మరి, అంతమంది ముందు?”

“దాని ఫోటో తీసి పంపు,” అన్నాను.

“ఫోటో ఎక్కడిది? అత్తగారు కత్తితో రెండు ముక్కలు చేసి పొయ్యిలో పడేసింది. చంపాక కాల్చకపోతే పగబడుతుందట. బూడిద పంపమంటావా?”

“చారలున్నాయా? రెప్ప వేసిందా? చెవి దగ్గర కన్నం ఉందా?” పాముకి రెప్పలూ చెవి కన్నాలూ ఉండవు. అడుగుతూనే అనుకున్నాను, ఇవి కూడా నమ్మదగ్గ గుర్తులు కావని. గోడమీది బల్లి రెప్ప వెయ్యదు, నాలికతో కన్ను తుడుచుకుంటుంది. ఆ నికోబార్ బల్లికి కళ్ళు పొలుసుల కింద, చెవి కన్నం కనబడదు. గుర్తులు అడుగుతూ నేను అక్క నిమిషాల్ని తినేస్తున్నాను. కుప్ప మీద చెయ్యి పెట్టి, అది ఏటో తేల్చుకుంటున్నది ఇప్పుడు నేను.

బావ ఫోన్ తీసుకున్నాడు. “మరదలా, ఏదో ఒకటి చెప్పు. మీ అక్క కదలనంటోంది. ఇంతకీ నలికిరేనా?”

“తెలీదు బావా. తెలీదు కాబట్టే వెళ్ళాలి.”

వెనక నుంచి అక్క అరుస్తోంది. “ఇప్పుడు నేను పరిగెత్తితే ఈవిడ గెలిచినట్టే! రేపట్నుంచి ఇంట్లో మళ్ళీ తాయెత్తులే! నీ మాట నిలబెడుతుంటే నువ్వే వెనక్కి లాగుతావేంటే?”

అక్క మొండితనం కాదు అది. నేను నేర్పిన విశ్వాసం. ఇరవై ఏళ్ళలో నేను గెలుచుకున్న మనుషుల్లో అందరికంటే గట్టి మనిషి మా అక్క, అందుకే చావబోతోంది.

“బావా, ఫోన్ అత్తమ్మకి ఇవ్వు.”

కాసేపు వాన చప్పుడు. తర్వాత ఆవిడ గొంతు. “ఏటమ్మీ.”

“అత్తమ్మా, దాన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మంత్రగాడి దగ్గరికి కాదు. ఇప్పుడే.”

“ఆ రోజు నవ్వావు కదా నన్ను చూసి.”

“నవ్వాను. తప్పు. తర్వాత ఎంతైనా తిట్టండి.”

“మంత్రగాడు పక్కనే ఉన్నాడు, అందుకే అన్నాను. బండి దొరికితే ఆసుపత్రికే పోదాం. నీకులాగ పేరు తెలిస్తేగానీ కదలనోళ్ళం కాదు మేము.” తర్వాత ఫోన్ పక్కన పెట్టి కేకేసింది. “ఒరే, ఆటో పిలువు! లెగే పిల్లా, లెగు! నీ చెల్లెలు ఓడిపోయానంటోంది. నువ్వేటి ఇంకా పోరాడతావు?”

చెయ్యి కదపనివ్వొద్దు, కోయొద్దు, తాడుతో బిగించొద్దు అని నేను అరిచింది వాళ్ళకి వినబడిందో లేదో తెలియదు.

టౌన్‌లో పెద్దాసుపత్రి గేటు దగ్గర రెయిన్‌కోటు వేసుకుని నిలబడ్డాను. ఆరోగ్య కేంద్రంలో చూసి, మందు మొదలుపెట్టి, అంబులెన్స్ ఎక్కించారని బావ చెప్పాడు. ఆ తర్వాత సిగ్నల్ లేదు. ఫెరార్గంజ్ నుంచి వచ్చే ట్రంక్ రోడ్డు మలుపులన్నీ మనసులోనే నడిచాను. చీమ కుట్టినట్టుంది అన్న మాటే చెవిలో తిరుగుతోంది. నలికిరే అయ్యుంటే బాగుండునని కోరుకున్నాను. ఒక హేతువాది, దేనికీ మొక్కని మనిషి, ఒక బల్లి కోసం ఎంతగా ప్రాధేయపడిందో చెబితే చదివేవాళ్ళు నవ్వుతారు.

అంబులెన్స్ తలుపు తీశారు. అక్క కూర్చునే ఉంది. నన్ను చూసి ఏదో అనబోయింది.

“నిద్దరొస్తందే,” అంది. ముక్కుతో మాట్లాడినట్టుంది. మధ్యాహ్నం అంత గట్టిగా దెబ్బలాడిన మనిషి గొంతు కాదది.

ఆమె రెప్పలు సగానికి దిగి ఉన్నాయి. నిద్ర కాదది. ఎత్తడానికి ప్రయత్నిస్తోంది, నుదురు ముడుచుకుంటోంది, రెప్పలు లేవడం లేదు. నాలుగు నెలల కింద నలికిరి రెప్ప వేస్తే, చూశావా ఇది పాము కాదు అని ఉప్పొంగిపోయాను. ఇప్పుడు అక్క రెప్పలు చెబుతున్నాయి, కరిచింది ఏమిటో.

డాక్టర్ పాము సంగతి అడగలేదు. నేనే చెప్పబోయాను, కాల్చేశారండీ, లేకపోతే చూపించేవాళ్ళం అని. “అదెందుకు?” అంది విసుగ్గా. “మాకు మనిషి కావాలి. అమ్మా, పైకి చూడు. నా వేలు చూడు. ఇంకా పైకి.” అక్క చూడలేకపోయింది. ఊపిరి మిషన్ సిద్ధం చేయమని నర్సుకి చెప్పి, మంచంతో పాటు లోపలికి వెళ్ళిపోయింది.

బయట బెంచీ మీద నేనూ అత్తమ్మా. బావ మందుల చీటీ పట్టుకుని మెట్లెక్కుతూ దిగుతూ ఉన్నాడు. ఎదురుగా గోడమీద ఒక బల్లి ట్యూబ్‌లైట్ పక్కన కదలకుండా ఉంది. నాకు దాని ముఖం చూడబుద్ధి కాలేదు. అత్తమ్మ పెదవులు కదులుతున్నాయి. ఏదో దండకం. ఇంకో రోజైతే మాట అనేదాన్ని. ఆవిడ కొంగు చివర పొయ్యి మసి అంటుకుని ఉంది. దాన్నే చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు మధ్యాహ్నం దాకా ఎలా గడిచిందో రాయను. లోపలికి పిలిచేసరికి అక్క నోట్లో గొట్టం ఉంది. కళ్ళు మూసే ఉన్నాయి. చెయ్యి పట్టుకుని, “అక్కా, నేనే” అన్నాను. ఎడమ రెప్ప వణికింది. ఒక గింజంత తెరుచుకుంది. నన్ను చూసింది, వాలిపోయింది, మళ్ళీ తెరుచుకుంది. బల్లుల్ని కొలిచే ఆ అమ్మాయి కొలబద్ద నా చేతిలో ఉంటే ఆ సందుని కొలిచి రాసుకునేదాన్ని.

గొట్టం తీశాక అక్క అన్న మొదటి మాట ఇది. “ఎవరు గెలిచారే?”

నెల దాటాక మళ్ళీ ఫెరార్గంజ్ వెళ్ళాను. అదే వాకిలి, అదే టార్పాలిన్, కాస్త తక్కువ మంది. ఈసారి మూడు సంచుల కథ మొత్తం చెప్పాను. మట్టి ఒకే పని పెడితే బంధువులు కానివి కూడా ఒకే ఒళ్ళు తెచ్చుకుంటాయని, విషం లేనిదీ ఉన్నదీ చూడ్డానికి కవలల్లా ఉండొచ్చని, కాళ్ళు పోయిన కథ నిజమేగానీ అది మన చేతికి హామీ పత్రం కాదని చెప్పాను. నలికిరిని చంపొద్దు అన్న మాట వెనక్కి తీసుకోలేదు. తెలియనిదాన్ని ముట్టుకోవద్దు, ఏది కరిచినా పేరు కోసం ఆగకుండా ఆసుపత్రికి పొమ్మన్న మాట దాని పక్కన పెట్టాను.

తర్వాత అత్తమ్మ వైపు తిరిగాను. ఆవిడ అరుగు మీద కర్ర పక్కన పెట్టుకుని కూర్చుంది.

“అత్తమ్మా, ఆ రోజు మీరన్నది నేను సరిగ్గా చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను, అవునో కాదో మీరు చెప్పండి. మీది భయం కాదు, వరస. ముందు కర్ర, తర్వాత చెయ్యి. ముందు చెయ్యి వెనక్కి, తర్వాత పేరు. పాము వింటుందని మీరు అనలేదు. కుప్ప కదిలితే అది పోతుందని మీ లెక్క. అంతేనా?”

“కాదు,” అంది.

అక్క గుమ్మంలో నిలబడి నోరు మూసుకుని నవ్వాపుకుంటోంది.

“అది సగమే,” అంది అత్తమ్మ. “నలుగురిలో నన్ను నవ్వులపాలు చేశావు. ఆ నవ్వుకే కదా కర్ర అటకెక్కింది? పాముకి చెవులు లేవని తెలుసుకున్నావు గానీ, నాకు నోరుందని తెలుసుకోలేదు. అది కూడా చెప్పు.”

చెప్పడానికి నోరు తెరిచాను. వంతు పోయిందని గుర్తొచ్చింది.

“టీ ఎంతమందికి?” అని అడిగి లేచాను.

“అందరికీ,” అంది ఆవిడ. “నాకు చక్కెర తగ్గించు.”

వంటింట్లో నీళ్ళు మరిగేలోపు తోటలోంచి చప్పుడు వినబడింది. వెదురు కర్ర తడి మట్టల మీద మూడుసార్లు పడింది. తల్లీ అన్న మాట వినబడలేదు. అక్క కొడుతోంది. కొట్టి, ఆగింది. ఆ ఆగడం ఎంతసేపో నేను పొయ్యి దగ్గరే నిలబడి లెక్కపెట్టాను.